కరాటే సామానుకు చెమటే శత్రువు



కర్రసాము, కుస్తీ ఒకప్పుడు మగపిల్లల విద్యలు. ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు సమగ్ర శిక్షా కింద, రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. మన తెలుగుపిల్ల, నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఒకసారి, 2023లో మరోసారి బాక్సింగులో ప్రపంచ విజేత అయింది. మన సీతారామపురంలాంటి ఊళ్ళో కూడా ఆడపిల్ల కరాటే నేర్చుకుంటానంటే వింతగా చూసే రోజులు పోతున్నాయి.

ఎదురెదురుగా నిలబడి తలపడే దశకు వచ్చిన పిల్లకు తలకు హెల్మెట్, చేతులకు గ్లౌజులు, ఛాతీకి చెస్ట్ గార్డు, కాళ్ళకు షిన్ గార్డులు, పళ్ళకు మౌత్ గార్డు కావాలి. కొనిపెట్టేది నాయన. చూసుకోవలసింది, ఎప్పటిలాగే, మనం!

ఈ సామానును దెబ్బకంటే ఎక్కువగా చెరిపేది చెమట. పైన రెగ్జిను, లోపల స్పాంజి. లోపలికి దిగిన చెమట ఓ పట్టాన ఆరదు. పిల్ల ఇంటికొచ్చి సంచి మూలన పడేసిందంటే మర్నాటికి కంపు. వట్టి కంపే అయితే ముక్కు మూసుకోవచ్చు. తడి, వెచ్చదనం, గాలి ఆడని చోటు... తామరకు ఇంకేం కావాలి? ఒంటికి ఒళ్ళు రాసుకున్నా, ఒకరి గ్లౌజులు ఒకరు తొడుక్కున్నా అది అంటుకుంటుంది. పిల్ల మెడ మీద గుండ్రటి మచ్చ కనబడగానే ఇంట్లో పెద్దవాళ్ళేమంటారు? "చాల్లే ఆ కరాటే, మానిపించండి, రేపు పెళ్ళి చెయ్యొద్దా?" అంటారు. గ్లౌజులు ఆరెయ్యని పాపానికి నేర్చుకునే విద్యే ఆగిపోతుంది.

కాబట్టి ఇంటికి రాగానే సంచి ఖాళీ చేయించండి. మనవైపు నీళ్ళకు కరువే గానీ దీనికి చెంబెడు నీళ్ళు చాలు. కాస్త సబ్బు కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, లోపలా బయటా తుడవాలి. తర్వాత మంచినీళ్ళ గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. బక్కెట్లో నానబెట్టకూడదు. స్పాంజి తాగిన నీళ్ళు రెండు రోజులకైనా ఆరవు. బ్లీచింగు పొడి, ఫినాయిలు వద్దేవద్దు. రెగ్జిను పగులుతుంది, పిల్ల చర్మం మండుతుంది.

ఆరెయ్యడం దగ్గరే మనం పొరబడేది. మన ఉదయగిరి చెక్క గరిటెను ఎలా చూసుకుంటాం? నీళ్ళలో నాననివ్వం, మండుటెండలో పెట్టం. ఇదీ అంతే. గాలి ఆడే నీడలో, గ్లౌజుల నోళ్ళు తెరిచి, లోపల పాత పేపరు ఉండలు చుట్టి కుక్కండి. తడి పీల్చుకుంటాయి. గంటకోసారి మార్చండి. సంచిలో వేపాకు వేస్తే పురుగు రాదేమో గానీ తడి పోదు.

బట్టల సంగతి వేరు. తెల్ల కరాటే డ్రస్సును ఏ రోజుకారోజు ఉతికి ఎండలోనే ఆరెయ్యవచ్చు. రక్తపు మరక పడితే చన్నీళ్ళే వాడాలి, వేణ్ణీళ్ళు పోస్తే మరక ముదురుతుంది. బెల్టు ఉతికితే పడ్డ శ్రమంతా పోతుందని కరాటే వాళ్ళలో కొందరికి నమ్మకం. సరే, ఉతక్కపోతే పోయె, దండెం మీద గాలికైనా వెయ్యమనండి.

బడిలో హెల్మెట్లు అందరికీ కలిపి నాలుగో అయిదో ఉంటే, ఒకరు తీసినది తుడిచాకే మరొకరు పెట్టుకోవాలని మాస్టారికి గట్టిగా చెప్పండి. మొహమాటం వద్దు.

మచ్చ వచ్చిందా, మెడికల్ షాపులో దొరికిన పూతమందు రాయకండి. వాటిలో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి తామర మరింత మొండికేస్తుంది. చర్మం డాక్టరుకు చూపించండి. తగ్గేదాకా తలపడటం ఆపి, ఆ పిల్ల తువ్వాలు, బట్టలు వేరుగా ఉతకండి.

నెలకోసారి హెల్మెట్ స్పాంజిని బొటనవేలితో నొక్కి చూడండి. నొక్కిన గుంట పైకి లేవకపోతే అది దెబ్బ ఆపదు, మార్చాల్సిందే. మౌత్ గార్డును మాత్రం అక్కచెల్లెళ్ళయినా మార్చుకోకూడదు. వాడగానే చన్నీళ్ళతో కడిగి, బ్రష్షుతో తోమి, చిల్లులున్న డబ్బాలో పెట్టాలి. వేణ్ణీళ్ళలో వేస్తే మెత్తబడి, పళ్ళకు సరిపోకుండా పోతుంది.