పాత ఆపరేటింగ్ సిస్టంలో అప్‌డేట్ విఫలమైతే: విండోస్ 7 ఆధారంగా పరిశీలన

7.0 ఈ భాగం ఉద్దేశం

ఈ భాగం చదివిన తరువాత, పాత కంప్యూటర్‌లో అప్‌డేట్ ఎందుకు ఆగిపోతుందో మీరు వివరించగలుగుతారు. తెర మీద కనిపించే సంఖ్యను బట్టి కారణం ఏ వైపు ఉందో ఊహించగలుగుతారు. ఏ పని ముందు, ఏ పని తరువాత చేయాలో నిర్ణయించగలుగుతారు. చేయడానికి ఇంకేమీ లేదని ఎప్పుడు గుర్తించాలో కూడా తెలుసుకుంటారు. చివరిది మిగిలిన వాటికంటే తక్కువ ముఖ్యమైనదేమీ కాదు.

ఉదాహరణగా విండోస్ 7ను తీసుకున్నాం. ఇది 2009 అక్టోబరులో విడుదలైంది. 2020 జనవరి 14తో దీనికి సాధారణ మద్దతు ముగిసింది. అయినా ఇళ్లలో, చిన్న దుకాణాల్లో, నెట్ సెంటర్లలో ఇది ఇంకా కనిపిస్తూనే ఉంది. మీలో కొందరు అసైన్‌మెంట్లు రాసేది, పరీక్ష ఫీజు కట్టేది ఇలాంటి కంప్యూటర్ మీదనే కావచ్చు.

7.1 అప్‌డేట్‌ను ఎందుకు పట్టించుకోవాలి?

2017 మే 12న 'వన్నాక్రై' అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానని బెదిరించింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆ వైరస్ వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. అంటే మందు అప్పటికే సిద్ధంగా ఉంది. దెబ్బతిన్న విండోస్ 7 కంప్యూటర్లలో ఆ మందు చేరలేదు. కొన్నింటిలో యజమాని అప్‌డేట్‌ను ఆపివేసి ఉండవచ్చు, కొన్నింటిలో అప్‌డేట్ ప్రయత్నించి విఫలమై ఉండవచ్చు. వైరస్‌కు ఈ తేడాతో పని లేదు.

7.2 అప్‌డేట్ జరిగే తీరు

అప్‌డేట్ ఒకే పని కాదు, నాలుగు పనుల వరుస. మొదట కంప్యూటర్ సర్వర్‌ను సంప్రదించి, తనకు ఏమేమి అవసరమో లెక్క వేసుకుంటుంది. తరువాత ఆ ఫైళ్లను దించుకుంటుంది. ఆపైన ఆ ఫైళ్లు నిజంగా తయారీదారు పంపినవేనా అని వాటి మీది డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది. చివరగా పాత ఫైళ్ల స్థానంలో కొత్తవి పెడుతుంది. ఈ ఆఖరి పనిలో కొంత భాగం కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలయ్యేటప్పుడు జరుగుతుంది.

ఈ నాలుగింటిలో ఏది తప్పినా యజమానికి కనిపించేది ఒక్కటే: 'అప్‌డేట్ విఫలమైంది' అనే మాట. కాబట్టి మరమ్మతు మొదలుపెట్టే ముందు ఏ మెట్టు మీద ఆగిందో తేల్చుకోవాలి.

7.3 ముందుగా చూసుకోవలసినవి

అన్నిటికంటే ముందు మీ సొంత ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో, బయటి హార్డ్‌డిస్క్‌లోకో కాపీ చేసుకోండి. ప్రాజెక్టు రిపోర్టు, ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు పోతే ఏ అప్‌డేట్ వాటిని తిరిగి తేలేదు.

తరువాత తేదీ చూడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, పాత కంప్యూటర్లలో తరచుగా ఇక్కడే అసలు కారణం దొరుకుతుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ ఒకటి ఉంటుంది. చాలా కంప్యూటర్లలో దాని రకం సి.ఆర్. 2032. కరెంటు లేనప్పుడు కూడా గడియారం నడిచేది దీనివల్లనే. అది అయిపోతే స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. డిజిటల్ సర్టిఫికెట్ ప్రతిదానికీ ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. కంప్యూటర్ 2009లో ఉన్నానని అనుకుంటే, ఇవాళ్టి సర్టిఫికెట్ దాని దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. అందుకే సురక్షిత సంబంధాన్ని నిరాకరిస్తుంది. తేదీ సరిచేస్తే సమస్య ఆ పూటకు తీరుతుంది, బ్యాటరీ మారిస్తే పూర్తిగా తీరుతుంది.

డిస్క్‌లో ఖాళీ ఎంత ఉందో కూడా చూడండి. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1ను వెబ్‌సైటు నుండి విడిగా దించుకొని వేయాలంటే 32 బిట్ కంప్యూటర్‌కు 4100 మెగాబైట్లు, 64 బిట్ కంప్యూటర్‌కు 7400 మెగాబైట్లు ఖాళీ కావాలని మైక్రోసాఫ్ట్ చెప్పింది. 'కంప్యూటర్' గుర్తు మీద కుడి బటన్ నొక్కి 'ప్రాపర్టీస్' తెరిస్తే మీది ఎన్ని బిట్లదో, సర్వీస్ ప్యాక్ 1 ఉందో లేదో రెండూ తెలుస్తాయి. సర్వీస్ ప్యాక్ లేకపోతే ఇక్కడ ఆగి దాన్ని ముందు వేయాలి. అది లేని విండోస్ 7కు మద్దతు 2013 ఏప్రిల్‌లోనే ముగిసింది. తరువాతి అప్‌డేట్లు దాని మీద ఎక్కవు, 'ఈ కంప్యూటర్‌కు వర్తించదు' అంటాయి. 64 బిట్ కంప్యూటర్ మీద 32 బిట్ ఫైలు నడిపినా ఇదే మాట వస్తుంది, తికమక పడకండి.

7.4 దోష సంఖ్యను చదవడం

విఫలమైన ప్రతిసారీ విండోస్ ఒక సంఖ్య చూపిస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే కిటికీ మూసేస్తారు. నిజానికి మనకు దొరికే ఆధారాలలో అదే మంచిది.

ఈ సంఖ్యలు పదహారు ఆధార సంఖ్యా విధానంలో ఉంటాయి. 80070070 తీసుకోండి. ముందున్న 8007 అంటే ఇది విండోస్ మామూలు దోషాల జాబితాలోనిది అని అర్థం. చివరి 70ని దశాంశంలోకి మారిస్తే ఏడు పదహార్లు 112. ఆ జాబితాలో 112వ దోషం 'డిస్క్‌లో చోటు లేదు'. అలాగే 80070005 అంటే ఐదవ దోషం, 'అనుమతి లేదు'. అడ్మినిస్ట్రేటర్ హక్కు లేని ఖాతాతో ప్రయత్నించినప్పుడు, లేదా యాంటీవైరస్ అడ్డుపడినప్పుడు ఇది కనిపిస్తుంది. 80072తో మొదలై తరువాత ఇంగ్లిషు అక్షరాలు వస్తే చాలావరకు నెట్‌వర్క్ వైపు చూడాలి. 8024తో మొదలైతే అప్‌డేట్ చేసే ప్రోగ్రామే ఫిర్యాదు చేస్తోందన్న మాట. 80073712 అంటే విండోస్ తన భాగాలను దాచుకునే గిడ్డంగి పాడైంది. 80092004 గురించి విడిగా చెప్పుకోవాలి.

7.5 సంతకం గుర్తుపట్టలేని కంప్యూటర్

అప్‌డేట్ ఫైలు మీది డిజిటల్ సంతకం 'హ్యాష్' అనే లెక్క మీద ఆధారపడి ఉంటుంది. ఫైలు ఎంత పెద్దదైనా ఆ లెక్క దాని నుండి ఒక చిన్న, నిర్ణీత పొడవున్న సంఖ్యను తీస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. విండోస్ 7 పుట్టిన నాటికి వాడుకలో ఉన్నది షా-1 అనే పద్ధతి, దాని పొడవు 160 బిట్లు. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే హ్యాష్ వచ్చేలా చేయగలిగితే ఈ పద్ధతి మీద నమ్మకం పోతుంది. ఎందుకంటే మంచి ఫైలు మీది సంతకాన్ని చెడ్డ ఫైలుకు అతికించే దారి తెరుచుకుంటుంది. 2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సి.డబ్ల్యు.ఐ. పరిశోధకులు కలిసి ఒకే షా-1 విలువ గల రెండు వేర్వేరు పి.డి.ఎఫ్. ఫైళ్లను తయారు చేసి చూపించారు.

ఆ తరువాత మైక్రోసాఫ్ట్ తన అప్‌డేట్లను షా-2 పద్ధతికి మార్చింది. 2019 ఆగస్టు నుండి విండోస్ 7 అప్‌డేట్లకు షా-2 సంతకం ఒక్కటే వచ్చింది. ఆ సంతకాన్ని చదవడం నేర్పే అప్‌డేట్లను అదే ఏడాది మార్చిలో విడుదల చేసింది. మార్చిలో వాటిని వేసుకోని కంప్యూటర్ పరిస్థితి ఏమిటి? కొత్త ఫైలు దిగుతుంది, కంప్యూటర్ సంతకం చూస్తుంది, తెలియని లిపిలా తోస్తుంది, తిరస్కరిస్తుంది. అప్పుడు వచ్చే సంఖ్యే 80092004. ఫైలు మంచిదే, కంప్యూటరూ పాడవలేదు. ఎన్నిసార్లు మళ్లీ దించినా ఫలితం ఇంతే.

అక్కడితో ఆగలేదు. 2020లో షా-1 మీద నడిచే అప్‌డేట్ సర్వర్లను కూడా మైక్రోసాఫ్ట్ ఆపివేసింది. దానితో వెనుకబడిన కంప్యూటర్ సర్వర్‌ను సంప్రదించడమే కుదరకుండా పోయింది. సర్వర్‌తో మాట్లాడాలంటే అప్‌డేట్ కావాలి, అప్‌డేట్ కావాలంటే సర్వర్‌తో మాట్లాడాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్నట్లు.

ఈ ముడి విప్పే దారి బయటి నుండి ఉంది. కొత్త కంప్యూటర్‌లో 'మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్' వెబ్‌సైటు తెరిచి రెండు ఫైళ్లు దించుకోవాలి: కె.బి. 4490628, కె.బి. 4474419. వాటిని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, సర్వీస్ ప్యాక్ 1 ఉన్న పాత కంప్యూటర్ మీద ఇదే వరుసలో నడపాలి. మొదటిది అప్‌డేట్లను అమర్చే యంత్రాంగాన్ని సరిచేస్తుంది, రెండవది షా-2 సంతకాన్ని చదవడం నేర్పుతుంది. తరువాత కంప్యూటర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఫైళ్లను కేటలాగ్ నుండే తీసుకోండి. 'డ్రైవర్ అప్‌డేటర్', 'వన్ క్లిక్ ఫిక్స్' అని పేర్లు పెట్టుకొని తిరిగే ప్రోగ్రాములు సంతకం సమస్యను తీర్చలేవు, కొత్త సమస్యలు మాత్రం తేగలవు.

యాంటీవైరస్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2019 ఆగస్టులో షా-2 సంతకంతో వచ్చిన అప్‌డేట్లను సిమాంటెక్, నార్టన్ పాత వెర్షన్లు సరిగా గుర్తించలేదు. అవి ఉన్న కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ కొంతకాలం అప్‌డేట్ పంపడమే ఆపింది. కాబట్టి యాంటీవైరస్ కూడా పాతబడి ఉంటే ముందు దాన్ని సరిచేయాలి.

7.6 గంటల తరబడి వెతుకుతూ ఉంటే

'చెకింగ్ ఫర్ అప్‌డేట్స్' అనే మాట దగ్గర ఆకుపచ్చ గీత కదులుతూనే ఉంటుంది, ఫ్యాను హోరెత్తుతుంది, పని మాత్రం సాగదు. ఏళ్ల తరబడి వచ్చిన అప్‌డేట్లలో ఏది దేనికి బదులుగా వచ్చిందో కంప్యూటర్ లెక్క కట్టుకోవాలి. జాబితా పెరిగిన కొద్దీ ఆ లెక్క విపరీతంగా బరువెక్కింది. పాత అప్‌డేట్ ప్రోగ్రాము దాన్ని మోయలేకపోతోంది. 2016 జులైలో వచ్చిన కె.బి. 3172605 ఈ లెక్కను వేగవంతం చేసింది. దానికి ముందు కె.బి. 3020369 ఉండాలి. వీటిని కూడా కేటలాగ్ నుండి తెచ్చి చేతితో వేయవచ్చు. వేసేటప్పుడు ఇంటర్నెట్ తీసేయండి, లేకపోతే ఈ ఫైలు కూడా అదే వెతుకులాటలో చిక్కుకుంటుంది.

7.7 అందరూ ముందు చేసే పని

అప్‌డేట్ సమస్య అనగానే చాలామంది చెప్పే చిట్కా ఒకటుంది. సర్వీసెస్ కిటికీలో 'విండోస్ అప్‌డేట్' సర్వీసును ఆపి, విండోస్ ఫోల్డరులోని 'సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్' ఫోల్డరు పేరు మార్చి, సర్వీసును మళ్లీ మొదలుపెట్టడం. ఇది దించుకున్న ఫైళ్లు ఉండే చోటు. సగం దిగి పాడైన ఫైళ్లు ఉంటే ఈ పని ఉపయోగపడుతుంది. కరెంటు పోవడం, డేటా అయిపోవడం మామూలైన చోట అలాంటి ఫైళ్లు తప్పవు. కానీ సంతకం సమస్యకు, తేదీ సమస్యకు, చోటు సమస్యకు ఇది మందు కాదు. పైగా అప్‌డేట్ చరిత్ర జాబితా ఖాళీ అయిపోతుంది, అంటే మనకున్న ఆధారం మనమే చెరిపేసుకున్నట్లు. కాబట్టి ముందు సంఖ్యను కాగితం మీద రాసుకొని, ఆ తరువాతే ఈ పని చేయండి.

80073712 లాంటి సంఖ్య వస్తే 'సిస్టం అప్‌డేట్ రెడీనెస్ టూల్' అనే కె.బి. 947821ను నడపాలి. అది గిడ్డంగిలో పాడైన భాగాలను వెతికి, తన దగ్గరున్న మంచి ప్రతులతో మార్చడానికి ప్రయత్నిస్తుంది.

7.8 'రివర్టింగ్ చేంజెస్'

మళ్లీ మొదలయ్యేటప్పుడు 'మార్పులను వెనక్కి తీసుకుంటున్నాం, కంప్యూటర్ ఆపవద్దు' అనే అర్థం గల ఇంగ్లిషు సందేశం తెర మీద నిలిచిపోవచ్చు. కంగారుపడి స్విచ్ తీసేయకండి. విండోస్ సగం మార్చిన ఫైళ్లను తిరిగి పాత స్థితికి తెస్తోంది. మధ్యలో కరెంటు పోతే సగం పాతవి, సగం కొత్తవి మిగిలి, కంప్యూటర్ తెరుచుకోకపోయే ప్రమాదం ఉంది. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్ అయితే యు.పి.ఎస్. ఉన్న చోటికి తీసుకువెళ్లి ఈ పని పెట్టుకోవడం మేలు.

ఈ సందేశానికి ఇంకో కారణం ఉంది. దాన్ని తెలియక ఎందరో వృథాగా శ్రమ పడ్డారు. 2020 జనవరి తరువాత విండోస్ 7 భద్రతా అప్‌డేట్లు డబ్బు కట్టి పొడిగింపు తీసుకున్న సంస్థలకు మాత్రమే వచ్చాయి. అదీ 2023 జనవరితో ముగిసింది. ఆ పొడిగింపు లేని కంప్యూటర్ మీద అలాంటి అప్‌డేట్‌ను వేస్తే అది దిగుతుంది, అమరినట్లే కనిపిస్తుంది, మళ్లీ మొదలయ్యేటప్పుడు ఇదే సందేశం చూపించి వెనక్కి పోతుంది. ఇది పాడైన కంప్యూటర్ లక్షణం కాదు, అర్హత లేకపోవడం. అప్‌డేట్ విడుదలైన తేదీ చూస్తే తేడా తెలుస్తుంది.

7.9 ఎక్కడ ఆపాలి

2020 జనవరి నాటి అప్‌డేట్ వరకు చేర్చగలిగితే మరమ్మతు పూర్తయినట్లే. ఆ తరువాత బయటపడిన లోపాలు మాత్రం తెరిచే ఉంటాయి. గూగుల్ క్రోమ్ కూడా విండోస్ 7కు 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. అందువల్ల అలాంటి కంప్యూటర్‌ను టైపింగుకు, దించుకున్న పాఠాలు చదువుకోవడానికి వాడుకోవచ్చు గాని, బ్యాంకు లావాదేవీలకు, ఫీజు చెల్లింపులకు వాడకపోవడమే మంచిదని మా అభిప్రాయం. విండోస్ 10కి మారడం కూడా ఇప్పుడు శాశ్వత పరిష్కారం కాదు. దాని సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 64 బిట్ ప్రాసెసర్, 4 గిగాబైట్ల మెమరీ ఉంటే లినక్స్ మింట్ వంటివి ప్రయత్నించవచ్చు. భారతీయ భాషల కోసం సి-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా ఉంది. పెన్‌డ్రైవ్ నుండే నడిపి చూసి, వై-ఫై, ప్రింటరు పనిచేస్తున్నాయని తేలాకే డిస్క్‌లోకి ఎక్కించండి.

అభ్యాసం

ఒక 64 బిట్ విండోస్ 7 కంప్యూటర్‌లో సర్వీస్ ప్యాక్ లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ 2009 జనవరి 1 అని చూపిస్తోంది. డిస్క్‌లో 600 మెగాబైట్ల ఖాళీ ఉంది. కె.బి. 4474419ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నడిపితే 'ఈ కంప్యూటర్‌కు వర్తించదు' అని వచ్చింది. మీరు ఏయే పనులు, ఏ వరుసలో చేస్తారు? ప్రతి పనికి కారణాన్ని ఒక్కొక్క వాక్యంలో రాయండి.