పాత ట్రాక్టర్ ఊపిరి లెక్క

మాసీ 1035 లాంటి పాత మూడు సిలిండర్ల ట్రాక్టర్ గంటకు ఎంత గాలి పీలుస్తుందో వేసి చూద్దాం. ఇంజిన్ కొలత సుమారు 2.4 లీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ కాబట్టి రెండు చుట్లు తిరిగితే సిలిండర్లన్నీ కలిపి ఒక్కసారి నిండుతాయి. నిమిషానికి 2000 చుట్ల మీద నడిస్తే వెయ్యిసార్లు, అంటే 2,400 లీటర్లు. సిలిండర్ ఎప్పుడూ పూర్తిగా నిండదు కనుక 85 శాతమే వేసుకున్నా నిమిషానికి 2,000 లీటర్ల పైమాటే. గంటకు 120 ఘనపు మీటర్లు. మనిషి రోజంతా పీల్చేది దాదాపు 11 ఘనపు మీటర్లు. మనం పదకొండు రోజుల్లో పీల్చే గాలిని ఈ బండి ఒక్క గంటలో లాగేస్తుందన్నమాట.

ఆ గాలి ఎక్కడిది అన్నదాన్ని బట్టి బండి ఆయుష్షు ఉంటుంది. తమిళనాట కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టూ ఉన్నది కరిసల్ నేల, మన నల్లరేగడి. ఇక్కడి మెట్టపొలాలకు వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య ఋతుపవనాలదే. తడిస్తే జిగురై చక్రాన్ని పట్టేసే నేల కాబట్టి చాలామంది వానకు ముందే, తమిళ నెల పురట్టాసిలో పొడినేలలోనే విత్తనం వేసేస్తారు. దుక్కి ఇంకా ముందే జరగాలి. అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి హోరెత్తే రోజుల్లోనే. కయత్తారు వైపు గాలిమరల వరుసలు చూసినవారికి ఆ గాలి జోరు వేరే చెప్పక్కర్లేదు. పిండిలాంటి నల్లదుమ్ము, ఎదురులేని గాలి, మధ్యలో ముప్పై ఏళ్ల ట్రాక్టర్. ఈ నేలను కథల్లోకి తెచ్చిన కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్, ఇంటిభాష తెలుగు. ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. ఆయన రాసిన తెలుగు వలస కుటుంబాలు ఎద్దులతో లొంగదీసిన నేల ఇదే. ఎద్దు ఆయాసపడితే నిలబడిపోయి చెబుతుంది. ఇంజిన్ చెప్పదు.

ఎయిర్ ఫిల్టర్లను పరీక్షించే ప్రయోగశాలల్లో ఘనపు మీటరు గాలికి ఒక గ్రాము దుమ్ము కలిపి చూస్తారు. బండి పీల్చే చోట మామూలుగా అంత దుమ్ము ఉండదు, కానీ లెక్కకు అదే తీసుకుందాం. గంటకు 120 గ్రాములు, ఎనిమిది గంటల దుక్కికి 960 గ్రాములు, కాస్త తక్కువ కిలో. పాత బండ్లలో ఉండే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ బాగున్నప్పుడు నూటికి 98 వంతులు పట్టేస్తుందనుకుంటే లోపలికి జారేది 19 గ్రాములు, అంటే నాలుగు చెంచాలు. సంరక్షణ లేక అది 90 శాతానికి పడిపోతే 96 గ్రాములు, ఐదు రెట్లు. ఆ పొడి లైనర్లకూ పిస్టన్ రింగులకూ మధ్య ఆకురాయిలా పనిచేస్తుంది. ఇంజిన్ బోరుకు వచ్చిందని మెకానిక్ చెప్పేసరికి చాలామంది వయసు మీద నెపం వేస్తారు. ఈ నేలలో నేను ముందు అనుమానించేది గాలి దారినే.

అందుకే ఇంట్లో చేసే పనుల్లో మొదటిది ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పడం. మామూలు రోజుల్లో ఎనిమిది, పది గంటలకొకసారి చూస్తే చాలు. పడమటి గాలి వీచే ఆడి, ఆవణి నెలల్లో మాత్రం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు ఒకసారి చూడాలి. గిన్నె అడుగున మడ్డి సెంటీమీటరు దాకా పేరుకుంటే ఆయిల్ పారబోసి, గిన్నెనూ జాలీనీ డీజిల్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, ఇంజిన్‌లో పోసే ఆయిల్‌నే గీత దాకా పోయాలి. గీత దాటించకూడదు. ఎక్కువైన ఆయిల్‌ను ఇంజిన్ లోపలికి లాక్కుంటే అదే ఇంధనమై, డీజిల్ ఆపినా బండి ఆగకుండా వేగం అందుకునే ప్రమాదం ఉంది. జాలీలో తడి డీజిల్ మిగిలినా అదే భయం. పైనున్న ప్రీక్లీనర్ గాజుగిన్నెను రోజూ దులపాలి.

క్లీనర్ శుభ్రంగా ఉన్నా రబ్బరు గొట్టం పగిలితే పడిన శ్రమంతా వృథా. గొట్టం ఊడదీసి లోపలివైపు తెల్లగుడ్డతో తుడవండి, నల్లగీత పడితే ఎక్కడో సందుంది. ఇంకో పరీక్ష: బండిని నెమ్మదిగా తిరగనిచ్చి గాలి నోటిని చెక్కతో మూయాలి, అరచేత్తో కాదు. రెండు మూడు క్షణాల్లో ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకపోతే గాలి దొంగదారిన వస్తున్నట్టు. ఐదు నిమిషాల ఈ పనిని మించినది పాత బండికి మరొకటి లేదని నా నమ్మకం.

ఇంజిన్ ఆయిల్‌కు చాలా బండ్ల పుస్తకాలు చెప్పే గడువు 250 గంటలు, ఫిల్టర్‌తో కలిపి. ఏడాదికి 500 గంటలు నడిచే బండికి రెండుసార్లు. కానీ పాత బండ్ల గంటల మీటరు ఇంజిన్ చుట్లను లెక్కపెడుతుంది, గడియారాన్ని కాదు. తక్కువ వేగంతో గంటసేపు తిప్పితే అది ముప్పావు గంటే చూపవచ్చు. మీటరు పాడైన బండ్లూ చాలానే. గోడకున్న క్యాలెండరు మీద రోజూ నడిచిన గంటలు రాసుకోవడమే నయం.

డీజిల్ సంగతి సులువే. సాయంత్రం ట్యాంకు నింపిపెడితే రాత్రి చల్లదనానికి లోపల తేమ పట్టదు. పొద్దునే ఫిల్టరు అడుగు మర తిప్పి నీళ్లు వదిలేయాలి. ఫిల్టరు మార్చాక చేతిపంపు కొడుతూ, పై మర వదులు చేసి బుడగలు పోయేదాకా గాలి తీయాలి. పంపూ నాజిళ్లూ మాత్రం ఇంట్లో విప్పకూడదు. నాజిల్ నుంచి వచ్చే చిమ్ము చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, వేలు అడ్డం పెడితే ఆసుపత్రి పాలవుతారు.

పెర్కిన్స్ వంశపు మూడు సిలిండర్ల ఇంజిన్లలో టాపెట్ సందు చల్లగా ఉన్నప్పుడు 0.30 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ ఉంటే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. మీ బండి వేరేదైతే దాని పుస్తకంలో ఉన్న అంకెనే నమ్మండి. బ్యాటరీ నిండుగా ఉంటే హైడ్రోమీటరు 1.250 నుంచి 1.280 మధ్య చూపుతుంది.

ఏడాదికొకసారి వేడెక్కిన ఇంజిన్ పొగ చూడండి. లోడు లేకుండా కూడా నల్లపొగ ఆగకపోతే గాలి చాలడం లేదు, లేదా నాజిల్ డీజిల్‌ను సరిగా చిమ్మడం లేదు. నీలం రంగైతే ఆయిల్ కాలుతోంది. తెలుపు తగ్గకపోతే డీజిల్ పూర్తిగా మండటం లేదు, లేదా నీళ్లు లోపలికి చేరుతున్నాయి. నీలం పొగతోపాటు ఆయిల్ మూత తీసినచోట గుప్పుగుప్పుమని గాలి తన్నితే రింగుల పని దగ్గరపడింది. ఆ పని వేసవిలోనే, చిత్తిరైలో పెట్టుకోండి. పురట్టాసిలో ఏ షెడ్డు ముందు చూసినా బండ్ల బారులే, విత్తనానికి దొరికే పొద్దులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. హెచ్ఎంటీ బండి ఉన్నవారు ఇంకా ముందే మేల్కోవాలి. ఆ ట్రాక్టర్ల తయారీని 2016లో మూసేశారు కాబట్టి ఫిల్టర్లూ గొట్టం క్లిప్పులూ రెండేసి కొని పెట్టుకోవాలి. దుక్కి మొదలయ్యాక గాలి వెనకనుంచి వీస్తుంటే మన దుమ్మే మన ముందుకొస్తుంది. పొలం ఆకారం ఒప్పుకుంటే గాలికి అడ్డంగా చాళ్లు వేయండి.