జేబుపై పేరు ఎవరిది, కుట్టిన చేయి ఎవరిది?

గత రంజాన్ చివరి రోజుల్లో కాకినాడ జగన్నాథపురంలో నివసించే ఒక దర్జీ సోదరుడు తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చారు. పిల్లవాడు మా మదరసా విద్యార్థి. పండుగ కోసం తండ్రి స్వయంగా కుట్టిన జీన్స్ ప్యాంటును తొడగనని మొండికేశాడు. వెనుక జేబుపై కంపెనీ పేరు లేదట! బజారులో దొరికే నకిలీ లేబుల్ కొని అతికించమని కూడా అడిగాడు. "ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను హజ్రత్. ఒకరి పేరు దొంగిలించి నా కుట్టుపై ఎలా వేయను?" అంటుంటే ఆ తండ్రి గొంతు వణికింది.

నేను పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, వాడు కోరిన ఆ ప్యాంటు చరిత్రనే వినిపించాను.

జీన్స్‌ను ప్రపంచానికి ఇచ్చిన వ్యక్తి కూడా ఒక దర్జీయే. ఆయన పేరు జేకబ్ డేవిస్. రీగాలో పుట్టి, అమెరికా చేరి, రీనో పట్టణంలో దుకాణం పెట్టుకున్నాడు. 1870 ప్రాంతంలో ఒక కూలీ భార్య వచ్చి, తన భర్త ప్యాంటులు త్వరగా చిరిగిపోతున్నాయనీ, గట్టిగా కుట్టి ఇమ్మనీ కోరింది. గుర్రపు దుప్పట్ల పట్టీలకు వాడే రాగి రివెట్లు డేవిస్ దగ్గర ఉన్నాయి. వాటిని జేబుల మూలల్లో బిగించాడు. ఆ ప్యాంటుకు గిరాకీ పెరిగింది. పేటెంటు పొందడానికి తగిన ధనం లేక, తనకు గుడ్డ సరఫరా చేసే శాన్ ఫ్రాన్సిస్కో వర్తకుడు లీవై స్ట్రాస్‌కు 1872లో ఉత్తరం రాశాడు. 1873 మే 20న పేటెంటు లభించింది. డేవిస్ ఉత్పత్తి పనులు చూసుకున్నాడు. లోకానికి మాత్రం స్ట్రాస్ పేరే మిగిలింది.

స్ట్రాస్ అవివాహితుడు. 1902లో ఆయన మరణించాక వ్యాపారం నలుగురు మేనల్లుళ్లకు చేరింది. 1971లో వాటాలు ప్రజలకు అమ్మినా, 1985లో కుటుంబం తిరిగి కొనుగోలు చేసింది. 2019లో మళ్లీ వాటాల బజారుకు వచ్చింది.

1970ల చివరి నాటికి కూలీల ప్యాంటు 'డిజైనర్' వస్త్రమైంది. అప్పట్లో అమెరికాను ఊపేసిన జీన్స్ జేబుపై గ్లోరియా వాండర్‌బిల్ట్ అనే సంపన్న మహిళ సంతకం ఉండేది. వాటిని తయారు చేయించి అమ్మినది మాత్రం భారతీయ మూలాలున్న ముర్జానీ కుటుంబం.

ఇది మన గోదావరి తీరానికి కొత్త సంగతి కాదు. నర్సాపురం వద్ద మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ కొన్న నూలు వస్త్రం 'మదపొల్లం' పేరుతో ఐరోపాలో ప్రసిద్ధి చెందింది. ఊరి పేరైనా గుడ్డకు దక్కింది. నేసిన వారి పేర్లు ఎవరికీ తెలియవు.

తెలుగు మాట విరివిగా వినిపించే బళ్లారి నేడు జీన్స్‌కు పెట్టింది పేరు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యానికి దుస్తులు కుట్టడానికి వచ్చిన దర్జీ కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. క్రమంగా ఇతర వర్గాలవారూ ఆ వృత్తిలో చేరారు. ఇప్పుడు వేలాది కుటుంబాలకు అదే జీవనాధారం. 'పాయింట్ బ్లాంక్', 'వాకర్' వంటి సొంత పేర్లు అక్కడ పుట్టినా, పేరు లేకుండా బయలుదేరే సరుకూ ఎంతో ఉంది.

పిల్లవాడు మోకాళ్ల దగ్గర వెలిసిన రంగు గురించి అడిగాడు. నీలిమందు నూలుపోగు పైపైననే అంటుతుంది, లోపల తెల్లగానే ఉంటుంది. అందుకే రాపిడికి వెలుస్తుంది. ఆ వెలిసిన రూపాన్ని తొందరగా తెప్పించడానికి గుడ్డపై ఇసుకను వేగంగా చిమ్మే పద్ధతి వచ్చింది. తుర్కియేలో ఆ పని చేసిన యువకులు ఎందరో ఇసుక ధూళి పీల్చి, ఊపిరితిత్తుల వ్యాధితో ప్రాణాలు కోల్పోయారు. 2009లో అక్కడి ప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించింది. జేబుపై కంపెనీ పేరుంది, ఆ యువకుల పేర్లు ఎక్కడా లేవు.

పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తండ్రి చేతిలోని ప్యాంటు తీసుకొని, జేబు మూలను వేలితో తడిమి, మెల్లగా అడిగాడు: "అబ్బా, రాగి రివెట్లు మన దుకాణంలో ఉన్నాయా?"

"ఒక డబ్బా నిండా ఉన్నాయి బేటా" అన్నారు ఆయన.