డోలీ ఎప్పుడు బయలుదేరాలి?

మార్కు సువార్త 2వ అధ్యాయములోని పక్షవాయువు రోగి సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. నలుగురు మనుష్యులు అతనిని మంచముతో సహా ఎత్తుకొని వచ్చారు. వాకిటిలో జనము కిక్కిరిసి ఉంటే "రేపు వద్దాములే" అని వెనుదిరుగలేదు. కప్పు విప్పి అతనిని ప్రభువు ఎదుటికి దించారు.

సాలూరు ప్రాంతమువారికి ఈ దృశ్యము కొత్త కాదు. రోడ్డు లేని కొండ గూడేలనుండి జబ్బు మనిషిని డోలీ కట్టి క్రిందికి మోయుట మనవారికి బాగా తెలిసిన పని. అయితే పక్షవాతము వచ్చిన ఇంట ఆ డోలీ చాలాసార్లు ఆలస్యముగా లేస్తున్నది. "గాలి సోకింది" అని ఒకరు, "చిల్లంగి పెట్టారు" అని ఇంకొకరు అంటారు. నాటువైద్యునికోసము ఒక పూట, పావురము రక్తముతో మర్దనకు మరో పూట గడుస్తుంది. ఆ గడిచిన పూటలే మనిషి కాలుచేతులను తీసికొనిపోతున్నవి.

అసలు జరిగేది ఏమిటి?

పక్షవాతము గాలివలన, శాపమువలన వచ్చేది కాదు. అది మెదడు జబ్బు. మన శరీరపు బరువులో మెదడు నూటికి రెండు వంతులే. అయినను మనము వాడుకొనే ప్రాణవాయువులో సుమారు ఐదవ వంతు దానికే కావాలి. మెదడుకు వెళ్లే రక్తనాళములో రక్తపు గడ్డ అడ్డుపడితే ఆ భాగమునకు రక్తము అందదు. ఎక్కువమందికి జరిగేది ఇదే. కొందరికి నాళము చిట్లి మెదడులో రక్తము కారుతుంది. మెదడు ఎడమ వైపు దెబ్బతింటే కుడి కాలుచేతులు పడిపోతాయి, తరచుగా మాట కూడ పోతుంది. రక్తము అందని ప్రతి నిమిషము సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని వైద్యుల లెక్క.

గుర్తుపట్టుట ఎలా?

నవ్వమనండి: మూతి ఒక ప్రక్కకు పోతున్నదా? రెండు చేతులు ఎత్తమనండి: ఒకటి జారిపోతున్నదా? ఒక మాట చెప్పమనండి: నాలుక తడబడుతున్నదా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక ఆగవద్దు. కొందరికి పది నిమిషాలలో అన్నీ సర్దుకొంటాయి. "తగ్గిపోయిందిలే" అని ఊరుకొనవద్దు. అది పెద్ద దెబ్బకు ముందు వచ్చిన హెచ్చరిక కావచ్చును.

వెంటనే ఏమి చేయాలి?

గడ్డను కరిగించే ఇంజెక్షను ఉన్నది. కాని అది సాధారణముగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోగా పడాలి. దానికి ముందు సి.టి. స్కాను తీయాలి. నాళము చిట్లినవారికి అదే ఇంజెక్షను ప్రాణాంతకము. సాలూరునుండి విజయనగరము సుమారు 60 కిలోమీటర్లు, విశాఖపట్నము నూరు కిలోమీటర్లకు పైమాటే. కొండ దిగుటకే రెండు గంటలు పడితే మిగిలేది ఎంత? కనుక డోలీ లేచేటప్పుడే 108కు ఫోను చేయండి. స్కాను, ఈ వైద్యము ఏ ఆసుపత్రిలో ఉన్నవో అప్పుడే అడగండి. మనిషి చివరిసారి బాగుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకొనండి. డాక్టరు మొదట అడిగేది అదే. గంటలు దాటిపోయినను తీసికొని వెళ్లండి; అప్పటికీ చేయవలసిన వైద్యము ఉంటుంది.

నోటిలో నీళ్లు, కాఫీ, పసరు పోయవద్దు, ఊపిరితిత్తులలోనికి పోతాయి. ఆస్పిరిను వంటి మాత్రలు మీరుగా వేయవద్దు. వాంతి వస్తే ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి.

ప్రార్థన మానమని మేము చెప్పము. బండి ఎక్కించి, బండిలో ప్రార్థించండి. ఆ నలుగురి విశ్వాసము వారి నడకలోనే కనబడినది.

రాకుండ చేసికొనవచ్చునా?

చాలామట్టుకు చేసికొనవచ్చును. మన దేశముతో సహా 32 దేశాలలో జరిగి 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, నూటికి 90 పక్షవాతాలకు మనము మార్చుకొనగల పది కారణాలే మూలమని తేలినది. వాటిలో మొదటిది బి.పి. అది నొప్పి లేకుండ పెరుగుతుంది. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళము చిట్లి చనిపోయిన పూట అతని బి.పి. 300/190. ఆనాడు అంతటి దేశాధ్యక్షునికి కూడ బి.పి.కి సరియైన మాత్ర లేదు. ఈనాడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో అటువంటి మాత్రలు ఉచితముగా ఇస్తారు. "తగ్గింది కదా" అని మానివేయుటే మనము చేసే పొరపాటు. తగ్గినది మాత్ర వలననే. 140/90 దాటితే డాక్టరు చెప్పినంతకాలము వాడాలి.

మిగిలినవి మన ఇంటిలోనివే. మన పెద్దమ్మలు త్రాగే చుట్ట, అడ్డపొగ, మగవారి బీడి, సారా, రాత్రింబగళ్లు స్టీరింగు ముందు కూర్చునే సాలూరు లారీ డ్రైవరు సోదరుల నిద్రలేమి, అదుపులేని షుగరు, ఎండుచేప, ఊరగాయలలోని ఉప్పు. మనిషికి రోజుకు మొత్తము ఉప్పు ఒక చిన్న చెంచా మించరాదు.

సంఘము చేయగలిగినది

నెలకొక ఆదివారము ఆరాధన తరువాత నర్సమ్మగారిని పిలిచి ముప్పై యేండ్లు దాటిన ప్రతివారికి బి.పి. చూపించవచ్చును. బండి ఉన్నవారి ఫోను నంబర్లు మందిరపు గోడమీద వ్రాసిపెట్టవచ్చును. పడిపోయినవారి ఇంటికి యౌవనస్థులు వంతులవారీగా వెళ్లి, డాక్టరు నేర్పిన వ్యాయామము చేయించవచ్చును. నెలల తరువాత కూడ కాలుచేతులు తిరిగి వచ్చుట ఉన్నది.

ప్రియ చదువరీ, మీ వీధిలో ఆ నలుగురు ఎవరు? ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత ఆ పేర్లు అనుకొనండి. ఆ నలుగురిలో మీరు ఒకరుగా ఉండునట్లు ప్రభువు మీకు కృప దయచేయును గాక.