వార్తల్లో పదం: లాక్టోజ్ ఇన్‌టాలరెన్స్

పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినా, పలచగా విరేచనమైనా ‘పాలు పడటం లేదు’ అనేస్తాం. పాలలోని చక్కెర లాక్టోజ్. చిన్నపేగులో లాక్టేజ్ ఎంజైమ్ దాన్ని విడగొట్టాలి. లేకపోతే అది పెద్దపేగుకు చేరి పులుస్తుంది. గ్యాస్, ఉబ్బరం, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. ఇదే లాక్టోజ్ ఇన్‌టాలరెన్స్. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లేని శిశువులు మాత్రం అత్యంత అరుదు. అలాంటి కేసులు ఎక్కువగా ఫిన్లాండ్‌లో బయటపడ్డాయి. తల్లిపాలలోనే సుమారు 7 శాతం లాక్టోజ్ ఉంటుంది, ఆవుపాలకన్నా ఎక్కువే! రోటావైరస్ విరేచనాలకు పేగు పొర దెబ్బతిన్నాక వచ్చే ఇబ్బంది తాత్కాలికం, సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

అందుకే ఏడాదిలోపు పిల్లల్లో పాలు పడటం లేదనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది ఆవుపాల ప్రోటీన్ అలర్జీని. కేసిన్ వంటి ప్రోటీన్లపై రోగనిరోధక వ్యవస్థ తిరగబడుతుంది. మలంలో నెత్తుటి చారలు, వాంతులు, ఎగ్జిమా, బరువు పెరగకపోవడం దీని జాడలు. తల్లి తాగిన పాల ప్రోటీన్ కొద్దిగా చనుబాలలోకీ వస్తుంది. అంతమాత్రాన చనుబాలు మాన్పించకూడదు. డాక్టర్ చెబితే తల్లే 2 నుంచి 4 వారాలు పాలు, పెరుగు, పనీర్ మానాలి. మళ్లీ మొదలుపెట్టాక లక్షణాలు తిరిగొస్తేనే నిర్ధారణ. మేకపాలకు మారినా లాభం ఉండదు. వాటి ప్రోటీన్లూ దాదాపు అలాంటివే.