మొదటి సూపర్‌మాన్‌కి ఎగరడం రాదు

కాకినాడ జగన్నాథపురంలో మా డ్రాయింగు క్లాసుకొచ్చే పిల్లల్ని సూపర్‌మాన్ బొమ్మ వెయ్యమంటే, పిడికిలి ముందుకి చాపి మబ్బుల్లో పెట్టేస్తారు. 1938 జూన్ నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో అతనికి ఎగరడం రాదంటే నమ్మరు. “మరెలా వెళ్తాడండి మాస్టారూ?” అని నిలదీస్తారు. గెంతేవాడు. గెంతుకి ఒక ఫర్లాంగు, అంటే సుమారు రెండొందల మీటర్లు. తుపాకి గుండు ఏమీ చెయ్యలేదు గానీ, ఫిరంగి గుండు పేలితే మాత్రం చర్మం తెగుతుంది. గాల్లో ఎగరడం 1941లో మొదలైన కార్టూన్ సినిమాలతో స్థిరపడింది.

నాకు అంతకన్నా ముఖ్యం, అతను ఎవరి మీద చెయ్యెత్తాడన్నది. కథ రాసిన జెర్రీ సీగెల్, బొమ్మలేసిన జో షుస్టర్ ఆర్థికమాంద్యంలో పెరిగిన కుర్రాళ్లు. అందుకే మొదటి సంచికలోనే పెళ్లాన్ని కొట్టేవాణ్ణి, అమ్ముడుపోయిన సెనేటర్‌ని పట్టుకున్నారు. మూడో సంచిక చూడండి. గనిలో కూలీ చిక్కుకుంటాడు. సూపర్‌మాన్ కూలీ బట్టల్లో యజమాని ఇంటి విందు దగ్గరికెళ్తే, అతిథులంతా పట్టుబట్టల్తోనే సరదాగా గనిలోకి దిగుతారు. అతను పైకప్పు కూల్చి దారి మూసేస్తాడు. యజమాని ప్రమాద గంట నొక్కితే అది మోగదు, ఏనాడూ బాగుచేయించలేదు కాబట్టి. పనిముట్టు పట్టి తవ్వబోయి చతికిలబడతాడు. బయటపడ్డాక గని భద్రత తన పూచీ అంటాడు. నేనెరిగిన సూపర్ హీరో కథల్లో ఇంతకన్నా మంచిది లేదు.

తర్వాతి హీరోల దారి వేరు. 1939లో పుట్టిన బాట్‌మాన్ తొలి కథలోనే ఒక దుర్మార్గుడు ఆమ్లం తొట్టిలో పడి చస్తే, తగినశాస్తి అనేశాడు. చంపననే నియమం ఆ తర్వాతది. 1986 నాటి బాట్‌మాన్ కామిక్ ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ నుంచి హీరోలకి తమ గాయాలే ప్రధానమయ్యాయి, సినిమాల్లో శత్రువులు గ్రహాంతరాల నుంచి దిగుతున్నారు. 2013 నాటి సూపర్‌మాన్ సినిమా ‘మాన్ ఆఫ్ స్టీల్’లో ఊళ్లో మేడలన్నీ కూలుతుంటే, వాటిలోని మనుషుల పేర్లయినా మనకి తెలియవు.

మనవాళ్లు 1980లో ఎన్టీఆర్‌తో ‘సూపర్‌మాన్’ తీసినప్పుడు, శక్తిని వేరే గ్రహం నుంచి కాక ఆంజనేయుడి వరంగా తెచ్చుకున్నారు. 2024లో ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’ కూడా ఆ దారిదే. అందులో అంజనాద్రి కుర్రాడు ముందుగా తలపడేది ఊరిని పీడించే పాలెగాడితో. అక్కడే అతను 1938 నాటి సూపర్‌మాన్‌కి దగ్గరివాడయ్యాడు.

పిల్లల్ని కొత్త సూపర్ హీరో సినిమాకి తీసుకెళ్లే అమ్మానాన్నలు, దారిలో ఆ గని కథ కూడా చెప్పండి.