దొరికిందా? అయితే సంతకం చేశావా?

గడచిన సంక్రాంతి సెలవుల్లో మా సండేస్కూలు గది గోడమీద ఒక కాగితం అంటించాము. ఎడమవైపు పిల్లల పేర్లు, కుడివైపు రెండు గళ్లు. మొదటి గడికి 'దొరికింది' అని, రెండవదానికి 'దొరకలేదు' అని పేరు పెట్టాము. నాలుగు రోజులు గడిచేసరికి మొదటి గడిలో పదకొండు టిక్కులు పడ్డాయి. రెండవ గడిలో రెండే రెండు. ఆ రెండూ తొమ్మిదో తరగతి చదివే ఒకే అమ్మాయివి. బుధవారం వెదికి ఒకటి, గురువారం వెదికి ఒకటి, తన చేతితోనే పెట్టుకొంది. చిన్న పిల్లలు కూడా "కండ్లద్దాలు తెచ్చుకో అక్కా" అని ఆమెను ఏడిపించారు. పాపం, ఈ పిల్లకు చూపు మందగించిందేమో అని మేము కూడా అనుకొన్నాము.

తీరా చూస్తే, ఆ పదకొండులో రెండు టిక్కులు అబద్ధాలని తేలింది. అందులో ఒకటి మా ఇంటివాడిదే. ఆ సంగతికి ముందు ఈ ఆట ఏమిటో చెప్పాలి.

మేము ఉండేది రాజేంద్రనగర్ దాటి శంషాబాద్ వైపు. మా ఇంటామె అక్కగారి కొడుకు అమెరికాలో పోర్ట్‌లాండ్ అనే పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. పండుగకు వచ్చి పది రోజులు మా ఇంట్లో ఉన్నాడు. పొద్దస్తమానం ఫోన్లు పట్టుకొని మూలకు కూర్చున్న పిల్లలను చూచి, "చిన్నాయనా, వీళ్ల ఫోన్లతోనే వీళ్లను ఎండలో పరుగెత్తించే ఆట ఒకటి ఉంది, నేర్పించనా?" అన్నాడు. ఆట పేరు జియోకేషింగ్. దాచిన డబ్బాను అక్కడివారు 'క్యాష్' అంటారట. ఆ మాట వినగానే పిల్లలందరూ డబ్బులు దాచారనుకొని లేచి నిలబడ్డారు! ఇది ఆ క్యాష్ కాదు, ఇంగ్లీషులో దాపరికం అనే అర్థమున్న వేరే మాట అని చెప్పేసరికి సగం ఉత్సాహం చల్లారింది. అందుకే ఇక్కడ మేము 'డబ్బా' అనే అంటాము.

ఆట చాలా తేలిక. ఒకరు ఒక డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశం, రేఖాంశం అంకెలలో రాసి ఇస్తారు. మిగిలినవారు ఫోనులోని జీపీఎస్ ఆ అంకెల వైపు దారి చూపిస్తుంటే వెళ్లి వెదుకుతారు. డబ్బాలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. దొరికినవారు అందులో పేరు, తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటనే పెట్టి వస్తారు. ఇంత చిన్న ఆటను నేడు నూటతొంభైకి పైగా దేశాలలో ఆడుతున్నారు. ప్రపంచం మొత్తం మీద ముప్పై లక్షలకు పైగా డబ్బాలు దాగి ఉన్నాయి.

దీని పుట్టుక కూడా చిత్రమే. జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. పూర్వం సామాన్యులకు అందే సంకేతంలో కావాలనే తప్పు కలిపేవారు. అందువల్ల చూపిన చోటుకు, అసలు చోటుకు మధ్య నూరు మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000వ సంవత్సరం మే నెల మొదట్లో అధ్యక్షుడు క్లింటన్ ఆజ్ఞతో ఆ తప్పును తీసివేశారు. మరునాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన పోర్ట్‌లాండ్ సమీపంలోని బీవర్‌క్రీక్ వద్ద అడవిలో ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్ దాచి, అంకెలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. మూడు రోజులలోనే అది దొరికింది. దొరికినట్టు మొదట రాసినవాడు మైక్ టీగ్. ఆ చోట ఇప్పుడొక ఫలకం ఉంది. మావాడు దాన్ని చూచి వచ్చాడు.

ఫోన్లు, ఉపగ్రహాలు లేని రోజులలోనే ఇంగ్లాండులోని డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో ఇటువంటిదొకటి ఉండేది. 1854లో జేమ్స్ పెరట్ అనే దారి చూపేవాడు, మనుషులు సులువుగా చేరలేని ఒక మడుగు దగ్గర సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవారు తమ పేరున్న కార్డును అందులో వేసి వెళ్లేవారు. తరువాత సీసాకు బదులు పెట్టెలు, వాటిలో రబ్బరు ముద్రలు వచ్చాయి. ఆ ముద్రను తమ పుస్తకంలో వేసుకొంటే అక్కడికి వచ్చినట్టు సాక్ష్యం. ఈ ముద్ర సంగతి గుర్తుంచుకోండి, చివర పనికివస్తుంది.

ఇక మా ఆటకు వస్తాము. మా సంఘ పెద్ద ఒకాయనకు ఊరి బయట మామిడితోట ఉంది. డబ్బా పెట్టుకోవడానికి ఆయనను అడిగి అనుమతి తీసుకొన్నాము. స్థలం ఎవరిదో వారిని అడగనిదే డబ్బా పెట్టకూడదన్నది ఈ ఆటలో మొదటి మర్యాద. మావాడు పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, లోపల పుస్తకం, పెన్ను, గోటీలు, పెన్సిళ్లు, రబ్బర్లు పెట్టి, ఒక మామిడిచెట్టు పంగలో, మనిషెత్తుకు కొంచెం పైన ఉంచాడు. సర్కారు స్థలంలోనో, హిమాయత్‌సాగర్ కట్టమీదనో ఎందుకు పెట్టలేదని పిల్లలు అడిగారు. విమానాశ్రయం దగ్గరే పెడితే విమానాలు కూడా చూడవచ్చని ఒకడి సలహా!

అది నవ్వి ఊరుకొనే మాట కాదు. 2007 ఆగస్టు 25న మన నగరంలో లుంబిని పార్కులోను, గోకుల్ చాట్ దగ్గర, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలి ఎందరు పోయారో మరచిపోలేము. అటువంటి చోట దిక్కులేకుండా పడి ఉన్న డబ్బాను చూస్తే ఎవరి గుండె ఝల్లుమనదు? ఇంగ్లాండులో వెదర్‌బీ అనే ఊరిలో 2011లో ఒక ఫలహారశాల ముందు పూలతొట్టి కింద ఎవరో ఈ ఆట డబ్బా పెట్టారు. ఒక మనిషి వంగి దానితో ఏదో చేయడం చూచినవారు పోలీసులకు చెప్పారు. వీధిని ఖాళీ చేయించి, సైన్యంవారు వచ్చి ఆ డబ్బాను పేల్చివేశారు. అందుకే విమానాశ్రయాలు, రైలు పట్టాలు, సైనిక స్థలాలు, బడుల ఆవరణలు ఈ ఆటకు పనికిరావు. నేలను తవ్వి పూడ్చడమూ నిషేధమే. మన పల్లెలలో అయితే దానికి మరొక కారణం కూడా ఉంది. రాత్రిపూట గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల బెడద మనకు తెలియనిది కాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన పాతకాలపు నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయవలసిందే. గడ్డపార పట్టుకొని పొలంలో కనబడితే, అది ఆట అంటే నమ్మేవాడెవడు?

సోమవారం ఉదయం ఆట మొదలయింది. ఆ ఒక్క రోజులోనే ఎన్ని తగవులో! ఫోను "వచ్చేశావు" అన్న చోట డబ్బా లేదని ఒకడు అలిగాడు. ఆరుబయట కూడా ఫోను లెక్కలో అయిదారు మీటర్ల తేడా సహజం. గుబురు చెట్ల కింద ఇంకా ఎక్కువ. ఫోను తోటదాకా తీసుకుపోతుంది, ఆ తరువాత కళ్లు పనిచేయాలి. ఒక పిల్లవాడు డబ్బాలోని కొత్త పెన్ను తీసుకొని, దానికి బదులు పగిలిన గోటీ పెట్టాడు. ఒకటి తీసుకొంటే అంతే విలువైనది, లేదా అంతకంటె మంచిది పెట్టాలన్నది నియమం. పెన్ను పోవడంతో తరువాత వచ్చిన పాప బొగ్గుముక్కతో పేరు రాసింది. దానిని మావాడు మెచ్చుకొన్నాడు. ఇంకొకడు చాక్లెట్ పెట్టాడు, సాయంత్రానికి చీమలు పట్టాయి. తినే వస్తువులు పెట్టవద్దని ఇందుకే అంటారు. (ఉల్మర్ మొదటి బకెట్‌లో చిక్కుడు గింజల టిన్ను ఉండేదని మావాడే చెప్పాడు. మొదటివాడికి అప్పుడు నియమాలెక్కడివి?) డబ్బాను తీసిన పంగలో కాక పక్క చెట్టుకు మార్చిన వాణ్ణి మేమే కోప్పడ్డాము. సర్వే రాయిని జరిపితే ఊరిలో ఏమి జరుగుతుందో రైతుబిడ్డలకు వేరే చెప్పాలా!

అన్నిటికంటె పెద్ద తగవు, దొరికినట్టు ఎప్పుడు లెక్క అన్నది. ముగ్గురు స్నేహితులు కలిసి వెళ్లారు. ఒకడే చెట్టెక్కి ముగ్గురి పేర్లూ రాశాడు. కలిసి వెదికినవారి పేర్లు ఒకరే రాయడం ఈ ఆటలో ఉన్నదే. కానీ మూడవవాడు గేటు దగ్గర సైకిలు మీద కూర్చున్నాడని తరువాత బయటపడింది. మావాడు తీర్పు చెప్పలేదు, "నువ్వే చెప్పు" అన్నాడు. ఆ అబ్బాయి మరునాడు పొద్దున్నే వెళ్లి, తన పేరు కొట్టివేసి, మళ్లీ తన చేతితో రాసి వచ్చాడు.

ఆట పెద్దలు పెట్టిన నియమం ఒకటే: అక్కడికి వెళ్లి, డబ్బాలోని పుస్తకంలో సంతకం చేస్తేనే దొరికినట్టు. కిందనుండి చూచి రావడం లెక్క కాదు. ఇంట్లో కూర్చుని అంకెలు చూచి దొరికిందని రాసేవారూ ఉన్నారు. అటువంటి రాతలను కొట్టివేసే హక్కు డబ్బా దాచినవారిది. వెదికి దొరకక, తన డబ్బా ఒకటి అక్కడ పడేసి 'దొరికింది' అని రాసుకొనే ఘనులు కూడా ఉన్నారట! పుస్తకం వానకు తడిసి ముద్దయితే ఫొటో తీసి పంపవచ్చు, ఒప్పుకోవడం దాచినవారి ఇష్టం. డబ్బాయే లేని రకం కూడా ఒకటి ఉంది. అమెరికా భూగర్భ శాస్త్ర సంఘంతో కలిసి 2004లో మొదలుపెట్టారు. రాళ్లు, లోయలు ఉన్న చోటికి వెళ్లి, చూచి, ప్రశ్నలకు జవాబు పంపితేనే దొరికినట్టు. రెండువందల యాభై కోట్ల ఏండ్ల వయసున్న మన హైదరాబాదు బండలకు ఇది ఎంత చక్కగా సరిపోతుందో.

దొరకకపోతే? దొరకలేదని రాయాలి. ఆ మాట మావాడు మొదటి రోజే చెప్పాడు. ఎవరూ చెవిని పెట్టలేదు, ఆ అమ్మాయి తప్ప.

గురువారం రాత్రి మావాడు గోడమీది కాగితం చూచి, "చిన్నాయనా, ఈ పిల్ల రెండుసార్లు వెదికింది. డబ్బా ఉందో లేదో చూడాలి" అన్నాడు. "మిగతావాళ్లకు దొరికింది గదా?" అన్నాము మేము. శుక్రవారం పొద్దున వెళ్తే పంగ ఖాళీ. తోట అంతా వెదుకుతుంటే కావలి తాత ఎదురువచ్చాడు. పండుగకు బిడ్డ ఊరికి పోయి, మంగళవారం సాయంత్రం తిరిగి వచ్చాడట. తోట యజమానిని అడిగిన మేము, రోజూ తోటలో ఉండే ఆయనకు ఒక్క మాట చెప్పలేదు. డబ్బామీద 'ఇది ఆట వస్తువు' అని రాసి ఉన్నది, కానీ ఇంగ్లీషులో!

"ఎవడన్న ఏమన్న పెట్టిండేమో అని భయపడ్డ సార్. మూత తీస్తే పోరగాండ్ల సామాను. ఎవడైన ఎత్తుకపోతడని ఇంట్ల పెట్టిన" అని లోపలికి పోయి డబ్బా తెచ్చి ఇచ్చాడు. గోటీలు, పెన్సిళ్లు లెక్కకు సరిగ్గా ఉన్నాయి. పుస్తకం తెరిచాము. మంగళవారం వరకు తొమ్మిది పేర్లు. బుధవారం టిక్కు పెట్టిన ఇద్దరి పేర్లు అందులో లేవు, ఉండే వీలూ లేదు.

మా చిన్నవాడు ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోట పెట్టలేదు. చివరికి వాళ్ల అమ్మతో చెప్పాడు. సోమవారమే కిందనుండి డబ్బాను చూశాడట. చెట్టెక్కడానికి భయం. భయమని చెప్పుకోవడానికి సిగ్గు. బుధవారం తోటకు పోకుండానే టిక్కు పెట్టాడు. అది చూచి వాడి స్నేహితుడూ పెట్టాడు. "చూసిన గదమ్మా, అబద్ధం కాదు గదా?" అని అడిగాడు. వాళ్ల అమ్మ, "మరి ఆ అక్కను అందరూ నవ్వుతుంటే నువ్వు కూడా నవ్వినవా?" అంది. వాడు జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే రబ్బరు తీసుకొని సండేస్కూలు గదికి వెళ్లాడు.

శనివారం డబ్బాను తిరిగి పెట్టడానికి అందరం తోటకు వెళ్లాము. ఈసారి డబ్బామీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాశాము. తాతకు చదివి వినిపించాము కూడా. ఆయన అంతా విని, "గట్లయితే నాకు దొరికినట్టా, దొరకనట్టా?" అని అడిగాడు. పిల్లలు గొల్లుమన్నారు. మావాడు మాత్రం నవ్వలేదు. ఫోను లేకుండా కనిపెట్టాడు, మూత తీశాడు, ఒక్క గోటీ కూడా పోకుండా కాపాడాడు. మిగిలినది సంతకమే. సంఘ కార్యాలయం నుండి ముద్రల సిరాపెట్టె తెప్పించి, పదవ వరుసలో తాత బొటనవేలి ముద్ర వేయించాడు. పదకొండవ వరుసలో ఆ అమ్మాయి చెట్టెక్కి, కొమ్మమీదనే కూర్చుని, తన పూర్తి పేరు రాసింది.

మా చిన్నవాడు ఇంకా ఆ చెట్టు ఎక్కలేదు. గోడమీది కాగితంలో వాడి పేరుకు ఎదురుగా రెండవ గడిలో టిక్కు ఉంది.